పక్కింటి శబ్దం వినపడకుండా ఇంటి గోడలకి సౌండ్‌ప్రూఫింగ్ ఎలా ఎంచుకోవాలి?

బరంపురంలో బడాబజార్ పక్క వీధులు చూడండి, పర్లాకిమిడి, రాయగడ పాత వీధులు చూడండి, మన తెలుగువాళ్ళ ఇళ్ళు చాలావరకు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, మధ్యలో ఒకే గోడ, అది ఇద్దరిదీను. ఈ పక్క పిల్ల ప్లస్ టూ పరీక్షకి చదువుకుంటుంటే ఆ పక్క ఒడియా సీరియల్ ఫుల్ సౌండ్‌లో, తెల్లారుజామున మిక్సీ, రాత్రి మోటరు. పెద్దవాళ్ళకి నిద్రుండదు. దాంతో జనం విసిగిపోయి షాపుకెళ్ళి ఏదో ఫోమ్ షీట్లు తెచ్చి గోడకి అంటించేస్తారు, డబ్బులు పోతాయి, సీరియల్ మాత్రం అలాగే వినపడుతుంది. షాపులో ఏది బాగుంటుందని అడిగే ముందు తెలుసుకోవాల్సింది ఒకటే, ఆ శబ్దం మీ గదిలోకి ఏ దారిన వస్తోంది. అది తేలితే సగం ఇళ్ళల్లో గోడ మీద పెద్ద ఖర్చే అక్కర్లేదు.

స్టెప్ 1: ముందు శబ్దం ఏ రకమో చూడండి

రెండు రకాలుంటాయి. మాటలు, టీవీ, పాటలు, కుక్క అరుపు ఇవన్నీ గాలిలో వచ్చేవి. మిక్సీ గట్టుమీద అదురు, తలుపు దబ్బున వెయ్యడం, గోడకి క్లాంపులు కొట్టి బిగించిన పైపులో మోటరు హోరు, నేత ఇళ్ళ వీధుల్లో అయితే మగ్గం చప్పుడు, ఇవి గోడలోంచి నేలలోంచి అదురుగా పాకి వస్తాయి. గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి, శబ్దంతోపాటు సన్నగా వణుకు తెలుస్తుంటే అది రెండో రకం.

రెండో రకానికి మందు మీ గోడ మీద కాదు, శబ్దం పుట్టే చోట వెయ్యాలి. పక్కింటి పిన్నిగారితో మర్యాదగా మాట్లాడి మిక్సీ కింద మందపాటి రబ్బర్ మ్యాట్ వేయించండి, గట్టు ఉమ్మడి గోడలో దిగి ఉంటే మిక్సీని ఇంకో పక్క గోడకి మార్చమనండి. మోటరు కాళ్ళ కింద రబ్బర్ ప్యాడ్‌లు, పైపు క్లాంపుకి పైపుకి మధ్య రబ్బర్ ముక్క. ఆ మ్యాట్లు మీరే కొనిచ్చినా మీ గోడకయ్యే ఖర్చుతో పోలిస్తే అది ఏమంత కాదు, పైగా మాట కూడా కలుస్తుంది.

స్టెప్ 2: దారి వెతకండి

దీనికి ఒక సాయంత్రం పడుతుంది, తొందరపడకండి. వీధి కాస్త సద్దుమణిగాక పక్కింటి వాళ్ళని ఫోన్‌లో వార్తలు పెట్టి వాళ్ళ గదిలో ఉమ్మడి గోడకి ఓ మూడడుగుల దూరంలో పెట్టమనండి, సౌండ్ మార్చొద్దనండి. మీరు మీ గదిలో ఫ్యాన్ ఆపేసి, ఒక చెవి మూసుకుని, రెండో చెవితో గోడ వెంట నెమ్మదిగా నడవండి. కింద నేల అంచు, మధ్యలో, స్విచ్ బోర్డుల దగ్గర, పైన అటక మీద, తర్వాత కిటికీ, తలుపు. మాటలు ఎక్కడ స్పష్టంగా అర్థమవుతున్నాయో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ఫోన్‌లో శబ్దం ఎంతుందో కొలిచే డెసిబెల్ యాప్ వేసుకున్నా పర్లేదు, అది చూపించే అంకె కచ్చితమైంది కాదు కానీ ఇక్కడ ఎక్కువా అక్కడ ఎక్కువా అని పోల్చుకోడానికి పనికొస్తుంది.

తర్వాత లైట్లన్నీ ఆపేసి అవతలివైపు ఎవరినన్నా టార్చ్ వెయ్యమనండి, వెలుగు గీత కనపడిన చోటల్లా శబ్దానికి దారే. వెలుగు రాని వంకర సందులుంటాయి, వాటి దగ్గర అగరుబత్తి పెట్టి పొగ ఎటు కదులుతుందో చూడండి.

మన పాత ఇళ్ళల్లో తరచుగా దొరికేవి చెప్తాను. పెంకుటిల్లు గానీ రేకుల ఇల్లు గానీ అయితే ఉమ్మడి గోడ పైకప్పు దాకా పూర్తిగా పోదు, పెంకుల కింద సందు వదిలేస్తారు, కింద ఫాల్స్ సీలింగ్ వేసేసరికి అది కనపడకుండా పోతుంది, శబ్దం మాత్రం గోడ దాటి పైనుంచి దిగుతుంది. రెండోది, అటక పైన, బీరువా వెనకాల ప్లాస్టరింగ్ చెయ్యకుండా ఇటుక అలాగే వదిలేసి ఉంటారు, ఆ ఇటుకల మధ్య జాయింట్లలో సిమెంట్ సరిగ్గా నిండదు, దాంట్లోంచి మాటలు మాటలుగానే వచ్చేస్తాయి. మూడోది స్విచ్ బోర్డులు, నాలుగున్నర అంగుళాల గోడలో ఇటు బాక్స్ అటు బాక్స్ ఎదురెదురుగా కొట్టేస్తే మధ్యలో మిగిలేది పలచటి పెచ్చే. ఇంక వీధివైపు వెంటిలేటర్లు, ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం.

స్టెప్ 3: సందులు మూసెయ్యండి, గోడ మీద రూపాయి పెట్టేది ఆ తర్వాతే

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే లెక్క అలా ఉంది. 10 అడుగుల పొడవు 10 అడుగుల ఎత్తు గోడ అంటే 100 చదరపు అడుగులు. దాని పైన పొడవునా ఒక అంగుళంపావు సందుంటే అది ఒక చదరపు అడుగు, అంటే గోడలో నూటికి ఒక వంతు. గోడ మిగతా భాగం 50 డెసిబెల్స్ ఆపగలిగినా సరే, ఆ ఒక్క వంతు ఖాళీ వల్ల మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్స్ దగ్గరే ఉండిపోతుంది. అంత ఖాళీ వదిలేసి గోడకి లక్ష రూపాయలు పెట్టినా లాభం లేదు, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

పైకప్పు కింది సందుని ఇటుక, సిమెంట్‌తో కట్టించేయండి, పెంకులకి తగిలే చివరి అంచు మాత్రం రాక్‌వూల్, అంటే రాతి నారతో చేసిన దూదిలాంటిది, కుక్కి మెత్తగా సాగే సీలెంట్ పెట్టండి, లేకపోతే ఎండకి వానకి కప్పు కదిలి మళ్ళీ పగులుతుంది. అటక మీద ప్లాస్టరింగ్ చేయించండి, మేస్త్రికి ఒక రోజు పని, నా ఉద్దేశంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా ఇచ్చే పని ఇంకోటి లేదు. ఎదురెదురు స్విచ్ బాక్సుల్లో మీ వైపుది పక్కకి జరిపి పాత కన్నం సిమెంట్‌తో నింపేయాలి. తలుపు కింద రబ్బర్ పట్టీ.

ఒక్క జాగ్రత్త. వంటింటి వెంటిలేటర్ మాత్రం ఎప్పుడూ మూయొద్దు, గ్యాస్ పొయ్యి ఉన్న చోట గాలి ఆడాలి. పడగ్గదిలో కూడా వీధివైపు మూస్తే పెరటివైపు ఒకటి తెరిచి ఉంచండి.

స్టెప్ 4: మీ గోడ దేంతో కట్టిందో తెలుసుకోండి

గాలిలో వచ్చే శబ్దాన్ని ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపు అయితే సుమారు 5, 6 డెసిబెల్స్ అదనంగా ఆగుతాయి, 10 తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. మన వైపు ఇప్పుడు ఎక్కువగా వాడే ఫ్లైయాష్ ఇటుక బరువైందే, నాలుగున్నర అంగుళాల గోడ రెండువైపులా ప్లాస్టరింగ్‌తో చదరపు మీటరుకి దాదాపు 250 కేజీలు తూగుతుంది. పక్కింట్లో గట్టిగా మాట్లాడితే గొణుగుడులా వినపడే స్థాయి ఇది. తొమ్మిదంగుళాల గోడైతే చాలా నయం. తేలిక సిమెంట్ బ్లాకులు, అదే ఏఏసీ బ్లాకులు, ఎండవేడికి మంచివే గానీ ఘన మీటరుకి 600 కేజీల దరిదాపుల్లోనే ఉంటాయి, కాబట్టి అంతే మందం ఇటుక గోడ కంటే శబ్దాన్ని తక్కువ ఆపుతాయి. కొత్తగా కట్టుకునేవాళ్ళు పక్కింటి వైపు గోడ వరకైనా తొమ్మిదంగుళాల ఇటుక పెట్టించుకోండి, తర్వాత చేసే ఏ రిపేరు కంటే అదే చవక.

స్టెప్ 5: షాపులో ఏది దేనికో

ఫోమ్ షీట్లు, పిరమిడ్ ఆకారం ముక్కలు, పీఈటీ (ప్లాస్టిక్ నార) ప్యానెళ్ళు, కోడిగుడ్ల ట్రేలు, మందం కర్టెన్లు, ఇవన్నీ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తాయి, పాట రికార్డ్ చేసుకోడానికో ఆన్‌లైన్ క్లాసు చెప్పుకోడానికో ఫోమ్, ప్యానెళ్ళు, కర్టెన్లు పనికొస్తాయి. పక్కింటి శబ్దాన్ని అవి ఆపవు, వాటికి బరువే లేదు. పైగా ఫోమ్ తొందరగా అంటుకుని విషపు పొగ వస్తుంది, దేవుడి దీపం పెట్టే గదిలో అస్సలు వద్దు.

షాపువాళ్ళు ఎన్‌ఆర్‌సీ 0.8 సార్, 0.9 సార్ అని చూపిస్తారు. అది గదిలోపల శబ్దాన్ని ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకె, గోడ అవతల నుంచి వచ్చేది ఎంత ఆగుతుందో చెప్పేది ఎస్‌టీసీ. మీరు అడగాల్సింది ఎస్‌టీసీ, అదీ ఒక్క షీటుకి కాదు, మొత్తం గోడ అమరికకి. ఈ ఎస్‌టీసీని కూడా 125 హెర్ట్జ్ నుంచి 4000 హెర్ట్జ్ దాకానే లెక్కేస్తారు కాబట్టి అంతకంటే కిందుండే డీజే బాస్ దాంట్లో సరిగ్గా రాదు.

డీజే మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. 50 హెర్ట్జ్ బాస్ శబ్దం అల పొడవు దాదాపు 7 మీటర్లు, దాన్ని రెండంగుళాల షీటు ఏమీ చెయ్యలేదు. పెళ్ళి ఊరేగింపులకీ, బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రకీ భయపడి గోడలకి ఖర్చు పెట్టొద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, పండగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. అది దాటితే 112కి ఫోన్ చెయ్యడమే దారి.

స్టెప్ 6: ఇంకా వినపడుతుంటే రెండో గోడ

సందులన్నీ మూసి ఓ వారం ఉండి చూడండి. అప్పటికీ మాటలు అర్థమవుతుంటే అప్పుడు జిప్సం బోర్డుతో లోపల ఇంకో గోడ. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, కార్పెంటర్ వచ్చి ఇటుక గోడకి నేరుగా చెక్క పట్టీలు కొట్టి దానిమీద ఒక బోర్డు బిగించేసి అయిపోయిందంటాడు. లెక్క చూడండి, 12.5 మిల్లీమీటర్ల బోర్డు చదరపు మీటరుకి 8 నుంచి 10 కేజీలు, 250 కేజీల గోడకి అది కలిపితే ఏం పెరిగినట్టు? పైగా గోడకి తగిలి ఉంది కాబట్టి గోడ అదిరితే ఇదీ అదురుతుంది, మధ్యలో చిక్కుకున్న సన్నటి గాలి వల్ల బాస్ లాంటి కొన్ని లావు శబ్దాలు ఇంకా పెరుగుతాయి కూడా.

బోర్డు పనిచేసేది గోడని తాకకుండా నిలబడితేనే. పాత గోడ నుంచి ఒక అంగుళం వదిలి, నేలకీ పైకప్పుకీ మాత్రమే జీఐ (జింకు పూత ఇనప రేకు) చానెల్ ఫ్రేము బిగించాలి, చానెల్ కింద రబ్బర్ లేదా ఫోమ్ టేపు వెయ్యాలి. ఫ్రేము మధ్యలో 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్, సాంద్రత ఘన మీటరుకి 48 నుంచి 64 కేజీల మధ్య ఉన్నది, కుక్కకుండా సరిపడా నింపాలి. దానిమీద జిప్సం బోర్డు రెండు లేయర్లు, మొదటి లేయర్ జాయింటు మీద రెండో లేయర్ జాయింటు పడకూడదు. చుట్టూ అంచుకి 5 మిల్లీమీటర్ల సందు వదిలి సీలెంట్‌తో నింపాలి, వైట్ సిమెంట్‌తోనో పుట్టీతోనో కాదు, అది ఎండాక పగులుతుంది. ఆ గోడలో స్విచ్ బోర్డు పెట్టొద్దు, పక్క గోడకి మార్చుకోండి. మొత్తం కలిపి నాలుగంగుళాలు గదిలో పోతుంది, మంచం బీరువా సరిపోతాయో ముందే కొలుచుకోండి.

పెంకుటింట్లో పైన బిగించడానికి స్లాబ్ ఉండదు, అలాంటి చోట పక్క గోడల నుంచి అడ్డ చానెల్ తీసుకోవాలి, లేదంటే మీ వైపు ఇంకో ఇటుక గోడే లేపడం నయం, కానీ దానికి పునాది కావాలి.

గోపాల్‌పూర్ సముద్రం దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. ఇక్కడ గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ, 2013లో ఫైలిన్ వచ్చింది గోపాల్‌పూర్ మీదకే, అలాంటి తుఫాను వానకి పాత గోడలు నెలల తరబడి ఆరవు. చెమ్మ గోడ ముందు బోర్డు వేస్తే లోపల బూజు పట్టి వాసనొస్తుంది. ముందు చెమ్మ ఎక్కడ నుంచి వస్తుందో చూసి బాగుచేయించి, ఒక వానాకాలం చూసి అప్పుడు వేయించండి. చెక్క ఫ్రేము వద్దు, చెదలు పడుతుంది.

రాక్‌వూల్ బరంపురం షాపుల్లో వెంటనే దొరక్కపోతే విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించమనండి, దాని బదులు థర్మాకోల్ వేస్తామంటే ఒప్పుకోవద్దు, శబ్దానికి అది దండగ. రాక్‌వూల్ పెట్టేటప్పుడు మాస్క్, చేతికి గ్లౌజులు ఉండాలి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు.

అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు ఇదంతా చెయ్యలేరు కదా. ఉమ్మడి గోడ పొడవునా బట్టలు, పుస్తకాలు నిండిన బీరువాలు నిలబెట్టుకోండి, గోడకి ఆనించకుండా కాస్త ఎడం వదలండి, మంచం తల వేరే గోడవైపు తిప్పండి. అద్భుతాలు జరగవు గానీ పడుకునే చోట తేడా తెలుస్తుంది.

స్టెప్ 7: కొటేషన్ ఎలా చూడాలి

స్క్వేర్ ఫీట్‌కి ఇంత అని ఒక్క ముక్కలో రాసిస్తే తీసుకోకండి. బోర్డు ఎన్ని లేయర్లు, ఎంత మందం, రాక్‌వూల్ సాంద్రత, గోడకి ఎంత ఎడం, టేపు ఉందా, సీలెంట్ ఏ రకం, అన్నీ విడివిడిగా రాయించుకోండి. ఇద్దరి దగ్గర తీసుకుంటే ఎవరు ఏది ఎగ్గొడుతున్నారో వెంటనే తెలిసిపోతుంది. పని జరిగే రోజు ఇంట్లో ఉండండి, మొదటి బోర్డు వెయ్యకముందు ఫ్రేము ఎక్కడా ఇటుకని తాకలేదని చెయ్యి పెట్టి చూసుకోండి, సిమెంట్ ముద్ద ఒక్కటి మధ్యలో అతుక్కున్నా అదురు దానిమీదుగా దాటి వచ్చేస్తుంది. అంచుల సీలెంట్ కూడా మీ కళ్ళెదుటే పెట్టించండి, పుట్టీ, పెయింటు పడిపోయాక అది వేశారో లేదో ఇంక ఎవరూ చెప్పలేరు.