పచ్చిమిర్చి ఎగుమతి – 4వ పాఠం: కోత రోజు

గత పాఠంలో ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావాల్సిన కోడ్ నంబరు), అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ చూశాం. మళ్లీ ఒక్కమాట. ఎండుమిర్చికి స్పైసెస్ బోర్డు, పచ్చిమిర్చికి అపెడా. గుంటూరు యార్డు వ్యాపారం తెలిసినవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఇక తోటలోకి వెళ్దాం. కోతకు ముందు రైతును అడగాల్సింది ధర కాదు, ఆఖరి మందు ఏ రోజు కొట్టారని. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉందో, అన్ని రోజులు దాటితేనే కోయించండి. 2014లో సౌదీ అరేబియా మన పచ్చిమిర్చిని ఆపేసింది పురుగుమందుల అవశేషాల వల్లే. యూరప్‌లో అయితే ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. తామర పురుగు కనబడగానే రెండు మూడు మందులు కలిపి కొట్టే అలవాటున్న తోట జోలికి వెళ్లకండి, కాయ ఎంత నిగనిగలాడినా సరే.

తెల్లారేసరికి తోటలో ఉన్నా, మంచు ఆరాకే కోత మొదలుపెట్టండి. తడి కాయ పెట్టెలోకి వెళ్తే దుబాయ్‌లో తెరిచేసరికి తొడిమ దగ్గర బూజు కనిపిస్తుంది. కాయను పట్టి లాగకూడదు. తొడిమను రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైకి వంచితే కణుపు దగ్గర టక్కున విరుగుతుంది. తొడిమ ఊడిన కాయకు తల మీద కంత పడుతుంది. తేమ పోయేదీ, కుళ్లు చేరేదీ ఆ కంతలోంచే. కిలో లెక్కన కూలి ఇస్తే చేతులు పరుగెడతాయి, తొడిమలు ఊడతాయి. అందుకే ఎగుమతి కోతకు రోజు కూలే మేలంటాను.

కోసిన కాయ ఎండలో ఉండకూడదు. నీడలో పోసి వంకర కాయ, పుచ్చు కాయ, ఎర్రబారినవి ఏరేసి, అదే రోజు ప్యాక్‌హౌస్‌కు (సరుకును పెట్టెల్లో సర్దే చోటుకు) చేర్చండి. కోల్డ్‌రూమ్‌లో 7 నుంచి 10 డిగ్రీలు చాలు. ఇంకా చల్లగా ఉంటే మంచిదనుకుని ఆకుకూరల పక్కన 3 డిగ్రీల్లో పెడితే కాయ మీద గుంటలు పడతాయి, బయటికి తీశాక మెత్తబడుతుంది. గాలి కంతలున్న అట్టపెట్టెలే వాడండి.

ఈ వారం అభ్యాసం: 40 కాయలు తొడిమతో, 40 తొడిమ లేకుండా తీసుకుని విడివిడిగా తూకం వేయండి. నీడలో మూడు రోజులుంచి మళ్లీ తూచండి. ఆ రెండు అంకెలూ రాసిపెట్టుకోండి, 5వ పాఠంలో ధర కట్టేటప్పుడు వాటితోనే లెక్క వేస్తాం.