రౌటర్‌లో ఒక ఫైర్‌వాల్, కంప్యూటర్‌లో ఇంకొకటి: రెండూ కలిపి వాడే పద్ధతి

రౌటర్‌లో ఫైర్‌వాల్ (అనుమతి లేని రాకపోకలను ఆపే కాపలా) ఉంది కదా అని కంప్యూటర్‌లోది ఆపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ ఉంటే ఒకదానికొకటి అడ్డొస్తాయన్నది వాళ్ల భయం. నిజానికి కొట్టుకునేవి ఒకే కంప్యూటర్‌లో నడిచే రెండు సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్స్ మాత్రమే. రౌటర్ కాపలా వీధి గుమ్మం దగ్గర: లోపలివాళ్లు అడగకుండా ఇంటర్నెట్ నుంచి వచ్చిన ప్యాకెట్‌ను (డేటా ముక్కను) అక్కడే ఆపేస్తుంది. కానీ అదే వైఫై మీదున్న ఫోను, టీవీ, కెమెరా మీ కంప్యూటర్‌ను తడితే మామూలు ఇంటి రౌటర్ పట్టించుకోదు. బయటికి వెళ్తున్న కనెక్షన్ ఏ ప్రోగ్రామ్‌దో కూడా దానికి తెలియదు. 2017లో వన్నాక్రై అనే వైరస్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) 445 పోర్టు, అంటే కంప్యూటర్‌లోకి వెళ్లే ఒక నంబరు దారి, మీదుగా ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కు పాకింది. అలాంటిది ఒకసారి ఇంట్లోకి దూరాక ఆపాల్సింది కంప్యూటర్‌లోని ఫైర్‌వాలే.

ముందు రౌటర్ సంగతి చూడండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపించేదే దాని చిరునామా. ఎక్కువగా 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది. బ్రౌజర్‌లో ఆ చిరునామా తెరిచి ఈ పనులు చేయండి:

1. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రెండూ వేరు.
2. ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి.
3. ఎస్‌పీఐ ఫైర్‌వాల్ (లోపలివాళ్లు అడిగిందేదో, అడగనిదేదో గుర్తించేది) ఆన్‌లో ఉందో లేదో చూడండి.
4. రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. అది ఆన్‌లో ఉంటే లాగిన్ పేజీ ఇంటర్నెట్‌కంతా కనిపిస్తుంది.
5. యూపీఎన్‌పీ ఆపండి. అది ఉంటే ఇంట్లోని ఏ పరికరమైనా మిమ్మల్ని అడగకుండానే పోర్టు తెరిపించుకోగలదు.
6. డీఎంజెడ్‌లో (బయటి నుంచి వచ్చేవన్నీ ఒకే కంప్యూటర్‌కు వదిలే సెట్టింగ్) ఏ కంప్యూటర్ చిరునామా ఉన్నా తీసేయండి.

ఎక్కువమంది మరిచిపోయేది ఐపీవీ6, అంటే ఇంటర్నెట్ చిరునామాల కొత్త పద్ధతి (పాతది ఐపీవీ4). ఐపీవీ4లో నాట్ (ఇంటి పరికరాలన్నీ ఒకే బయటి చిరునామా పంచుకునే పద్ధతి) వల్ల ఇంటి పరికరాలు బయటికి నేరుగా కనిపించవు. ఐపీవీ6లో మాత్రం ప్రతి పరికరానికీ బయటి నుంచి చేరగలిగే చిరునామా ఉండొచ్చు. అందుకే రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ సెట్టింగ్‌ను విడిగా వెతికి, అది ఆన్‌లో ఉందని కళ్లారా చూసుకోండి.

ఇక కంప్యూటర్. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. బయటి నుంచి వచ్చేవాటిని ఆపి, లోపలి నుంచి వెళ్లేవాటిని వదలడం దాని డిఫాల్ట్ పద్ధతి. ఇంటి వైఫైకి ప్రైవేట్, బయటి వైఫైకి పబ్లిక్ ప్రొఫైల్ (ఇది ఎక్కువ కట్టుదిట్టం) ఎంచుకోండి. ప్రింటర్, ఫైల్ షేరింగ్ ఏవీ వాడకపోతే ఇంట్లో కూడా పబ్లిక్ ఉంచడమే మా సలహా. యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్ వాడుతుంటే విండోస్‌ది సాధారణంగా దానంతటదే తప్పుకుంటుంది. చందా ముగిశాకో, ఆ సాఫ్ట్‌వేర్ తీసేశాకో విండోస్‌ది తిరిగి ఆన్ అయిందో లేదో తప్పక చూడండి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఫైర్‌వాల్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఉన్నా, మనం ఎనేబుల్ చేసేదాకా పనిచేయదు.

గేమ్ సర్వర్ లాంటిది నడపాలంటే రెండుచోట్లా దారి తెరవాలి. మొదట రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌తో కంప్యూటర్‌కు ఒకే చిరునామా కట్టిపెట్టండి. లేకపోతే రేపు చిరునామా మారి, తెరిచిన పోర్టు మరో పరికరం వైపు తిరుగుతుంది. తర్వాత కావలసిన ఒక్క పోర్టునే, టీసీపీనా యూడీపీనా (డేటా పంపే రెండు పద్ధతులు) చూసుకుని, రౌటర్‌లో ఫార్వర్డ్ చేయండి, అంటే బయటి నుంచి ఆ పోర్టుకు వచ్చేదాన్ని మీ కంప్యూటర్‌కు పంపమనండి. విండోస్‌లో పోర్టుకు బదులు ఆ ప్రోగ్రామ్‌కే అనుమతి ఇవ్వండి. ప్రోగ్రామ్ మూసేస్తే దారీ మూసుకుంటుంది. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389ని, ఫైల్ షేరింగ్ 445ని మాత్రం ఎప్పుడూ ఫార్వర్డ్ చేయొద్దు. బయటి నుంచి ఇంటి కంప్యూటర్ కావాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన రహస్య దారి) పెట్టుకోండి.

ఇంత చేసినా కనెక్ట్ కాకపోతే ఫైర్‌వాల్ ఆపేసి చూడకండి. ముందు ఇంట్లోని ఇంకో కంప్యూటర్ నుంచి ప్రయత్నించండి. అక్కడా రాకపోతే లోపం సర్వర్ నడుస్తున్న కంప్యూటర్‌లోనే ఉన్నట్టు. మొదటిసారి వచ్చిన అనుమతి ప్రశ్నకు క్యాన్సిల్ నొక్కితే విండోస్ ఒక బ్లాక్ రూల్ రాసిపెడుతుంది. తర్వాత ఎన్ని అలౌ రూల్స్ రాసినా దానిదే పైచేయి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ తెరిచి, ఎర్ర గుర్తున్న ఆ రూల్ తీసేయండి.

ఇంట్లో వచ్చి బయటి నుంచి రాకపోతే రౌటర్ వైపు చూడాలి. ఈ పరీక్ష ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీదే చేయండి, ఎందుకంటే తన బయటి చిరునామాకు లోపలి నుంచి వెళ్లడాన్ని కొన్ని రౌటర్లు ఒప్పుకోవు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్ బయటి వైపు చిరునామా) 192.168తోనో 10తోనో మొదలైతే దాని ముందు మరో రౌటర్ ఉండి ఉండొచ్చు. అది మోడెమే అయితే దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను మాత్రమే అందించేలా) పెట్టాలి. 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే సర్వీస్ ప్రొవైడరే చాలామందికి ఒక చిరునామా పంచుతున్నట్టు. అప్పుడు మీ రౌటర్‌లో ఎన్ని రూల్స్ రాసినా ఫలితం ఉండదు. పబ్లిక్ ఐపీ ఇవ్వమని వాళ్లనే అడగాలి.