ఉద్యోగం పోతే ఈఎస్ఐ ఇచ్చే భృతి: కార్మికుడు దరఖాస్తు ఎలా చేయాలి, ఓనరు ఏ కోడ్ పెట్టాలి

2020 మే మొదటి వారం. నేను బాలానగర్‌లో చిన్న చిన్న యూనిట్లకు పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల బీమా) రిటర్నులు, అంటే ఎవరికి ఎన్ని రోజుల పని, ఎంత జీతం అని నెలనెలా పంపే లెక్కలు వేస్తుంటాను. పౌడర్ కోటింగ్ చేసే ఒక షెడ్డు ఓనరుకు ఫోన్ చేసి, "ఏప్రిల్‌లో పద్నాలుగు మందికీ సున్నా రోజులే కదా సార్, కారణం ఏం పెట్టమంటారు?" అని అడిగాను. "ఏదో ఒకటి పెట్టేయండి, రిటర్ను వెళ్లిపోతే చాలు" అన్నారు. అందరికీ 'ఆన్ లీవ్' అని పెట్టేశాను. జూన్‌లో వాళ్లలో ఆరుగురిని పని లేదని పంపించేశారు. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. సెప్టెంబరులో ఆ ఆరుగురూ ఈఎస్ఐ భృతికి దరఖాస్తు చేస్తే, రికార్డులో ఇంకా సెలవులోనే ఉన్నారు. ఉద్యోగం పోయినట్టు ఎక్కడా లేదు. తప్పులో సగం నాదే.

ఆ భృతి పేరు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన. 2018 జులై 1న మొదలైంది. మొదట్లో రోజు సగటు జీతంలో 25 శాతమే ఇచ్చేవారు, అదీ ఉద్యోగం పోయిన 90 రోజుల తర్వాత. కరోనా వచ్చాక, 2020 ఆగస్టు 20న జరిగిన ఈఎస్ఐ కార్పొరేషన్ (ఈఎస్ఐసీ) సమావేశంలో దాన్ని 50 శాతం చేశారు, ఆగాల్సిన గడువును 30 రోజులకు తగ్గించారు. 2020 మార్చి 24 తర్వాత పని పోయినవాళ్లకు ఈ సడలింపు వర్తించింది. గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు, అదీ జీవితంలో ఒక్కసారే. పథకాన్ని విడతలవారీగా పొడిగిస్తూ వచ్చారు కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఈఎస్ఐసీ పోర్టల్‌లో ప్రస్తుత గడువు తేదీ చూసుకోండి.

అర్హత లెక్క కాస్త తిరకాసుగా ఉంటుంది. ఉద్యోగం పోయే నాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కిందికి వచ్చే ఉద్యోగంలో ఉండాలి. ఈఎస్ఐకి ఏడాది రెండు ముక్కలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఉద్యోగం పోవడానికి ముందున్న ముక్కలో కనీసం 78 రోజులకు కాంట్రిబ్యూషన్, అంటే జీతంపై ఈఎస్ఐకి కట్టే వాటా, ఉండాలి. దానికి ముందు మూడు ముక్కల్లో ఏదో ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. క్రమశిక్షణ చర్య కింద తీసేసినవాళ్లకు, తమంతట తాము మానేసినవాళ్లకు, రిటైరైనవాళ్లకు, లాకౌట్ వల్ల, అంటే ఓనరే గేటు మూసేయడం వల్ల ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఇది రాదు. ఇందులో 'తమంతట తాము మానేసినవాళ్లు' అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

డబ్బు ఎంత వస్తుంది? నాలుగు ముక్కల్లో, అంటే రెండేళ్లలో వచ్చిన మొత్తం జీతాన్ని 730తో భాగిస్తారు. నెలకు 14,600 రూపాయల చొప్పున 24 నెలలు వచ్చినవాళ్లకు మొత్తం 3,50,400. రోజుకు 480. అందులో సగం 240. తొంభై రోజులకు 21,600. మధ్యలో రెండు నెలలు సున్నా పడితే మొత్తం 3,21,200కు దిగుతుంది, రోజు సగటు 440, భృతి 220, తొంభై రోజులకు 19,800. రోజులు తక్కువ చూపించి ఓనరు మిగుల్చుకునే నాలుగు రూపాయలు ఇలా తర్వాత కార్మికుడి భృతిలోంచి కోతపడతాయి.

ఇక దరఖాస్తు. ఉద్యోగం పోయి నెల పూర్తిగా గడిచాకే పెట్టాలి. రాబోయే నెలకు ముందుగా అడిగితే ఒప్పుకోరు, ఖాళీగా గడిచిపోయిన రోజులకే ఇస్తారు. పోర్టల్‌లో బీమా వ్యక్తి లాగిన్‌లోకి పది అంకెల ఐపీ నంబర్‌తో (కార్మికుడి ఈఎస్ఐ బీమా నంబరు) వెళ్లి, ఈ పథకం క్లెయిమ్ తెరిచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పని లేదో నింపాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ స్కాన్ చేసి పెట్టాలి. మొదట్లో అఫిడవిట్ కూడా అడిగేవారు. నోటరీ దగ్గర లైను, స్టాంపు పేపరు ఖర్చు, ఉద్యోగం పోయినవాడి జేబులోంచే! 2020 నవంబరులో దాన్ని ఎత్తేశారు. స్కాన్ కాపీలు ఆన్‌లైన్‌లోనే పెట్టేస్తే కాగితాలు మోసుకెళ్లక్కర్లేదు. పెట్టలేకపోతే మాత్రం ఫారం ప్రింట్ తీసి, సంతకం చేసి, కాపీలు జతచేసి మీ ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వాలి, లేదా పోస్టులో పంపాలి. పాత ఓనరు సంతకం అవసరం లేదు, ఆయన ద్వారా పంపే పనీ లేదు. డబ్బు నేరుగా మీ ఖాతాలో పడుతుంది. మధ్యలో మళ్లీ పని దొరికితే ఆ తేదీ వరకే ఇస్తారు.

మన దగ్గర ఎక్కువ క్లెయిమ్‌లు ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఈఎస్ఐలో ఒక్క పొడి అక్షరం, బ్యాంకులో ఇంటిపేరు చివర. మూడూ ఒకే మనిషివని మనకు తెలుసు, సిస్టమ్‌కు తెలియదు. పుట్టిన తేదీది కూడా ఇదే గొడవ. ఉద్యోగంలో ఉండగానే ఓనరు చేత సరిచేయించుకుంటే రెండు రోజుల పని. పని పోయాక అదే ఓనరు ఫోన్ ఎత్తడు.

ఒక మాట. మిమ్మల్ని చట్టప్రకారం రిట్రెంచ్ చేసినా (మీ తప్పేం లేకుండా, మనుషులు ఎక్కువయ్యారని తీసేసినా), ఫ్యాక్టరీయే మూతపడినా, రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన అనే పాత పథకం ఒకటుంది. అది 24 నెలల వరకు ఇస్తుంది. తొంభై రోజులది పెట్టేముందు బ్రాంచ్‌లో దీని సంగతి అడగండి.

ఇప్పుడు ఓనర్ల వైపు వద్దాం. నెలనెలా మేం ఎక్కించే ఎక్సెల్‌లో ఆరే కాలమ్‌లు: ఐపీ నంబరు, పేరు, రోజులు, జీతం, సున్నా రోజులైతే కారణం కోడ్, చివరి పని దినం. కారణం కోడ్‌లో 1 అంటే సెలవు, 2 అంటే ఉద్యోగం మానేశాడు, 8 పని నిలిపివేత, 9 సమ్మె లేదా లాకౌట్, 10 రిట్రెంచ్‌మెంట్, 11 పని లేదు. ఒక్క అంకె. 9 పెట్టారనుకోండి, లాకౌట్ అని మీరే ఒప్పుకున్నట్టు, అవతల కార్మికుడి భృతికి అడ్డం. 2 పెడితే తనే మానేశాడన్న అర్థం వస్తుంది. 10 పెట్టారంటే తీసేశామని చెప్పినట్టు, కాబట్టి పరిహారం కూడా ఇవ్వాలి. అందుకే చాలామంది 10కి భయపడి 1 దగ్గరే ఆగిపోతారు. తీసేసింది నిజమైతే 10 పెట్టి, చివరి పని దినం రాయండి. పీఎఫ్‌లోనూ అదే తేదీ ఉండాలి, రెండుచోట్లా రెండు తేదీలుంటే తర్వాత సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

పరిహారం లెక్క కొత్తదేం కాదు. ఏడాది నిండినవాళ్లను, అంటే 240 రోజులు పనిచేసినవాళ్లను తీసేస్తే నెల రోజుల నోటీసు లేదా ఆ నెల జీతం, పైగా సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ సూత్రాన్నే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా కొనసాగించింది. ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన సంస్థల హద్దును మాత్రం 100 మంది నుంచి 300కు పెంచింది. బకాయి జీతాలు తీసేసిన రెండు పని దినాల్లోగా ఇవ్వాలని వేతనాల కోడ్ అంటోంది. పని తాత్కాలికంగా ఆగితే తీసేయక్కర్లేదు, లేఆఫ్ ఉంది. యాభై మందికి తగ్గని ఫ్యాక్టరీల్లో లేఆఫ్ రోజులకు బేసిక్, డీఏల్లో సగం ఇవ్వాలి. లేఆఫ్‌లో ఉన్నవాడు ఉద్యోగంలో ఉన్నట్టే, అతనికి ఈ భృతి రాదు.

పరిహారం తప్పించుకోవడానికి కొందరు సలహాదారులు చెప్పిన మార్గం రాజీనామా లేఖ. తెల్లకాగితం మీద "సొంత కారణాల వల్ల మానేస్తున్నాను" అని రాయించుకోవడం. నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఒకాయన, "పాత బాకీ రెండు వేలు ఇస్తా, సంతకం పెట్టమన్నారన్నా, పెట్టేశాను" అన్నాడు. ఆ కాగితం వల్ల ఆయన 'తనంతట తాను మానేసినవాడు' అయ్యాడు, భృతికి అనర్హుడయ్యాడు. రెండు వేల కోసం ఇరవై వేలు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఓనర్లకు కూడా చెబుతున్నా, పద్నాలుగు మంది షెడ్డులో ఒకే తేదీన, ఒకే చేతిరాతతో ఆరు రాజీనామాలు ఉంటే లేబర్ ఆఫీసరు ఏమనుకుంటాడో ఊహించుకోండి.

2020 ఏప్రిల్ సంగతి ఇంకాస్త వేరు. మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద, లాక్‌డౌన్‌లో మూతపడినా జీతాలు కోత లేకుండా ఇవ్వాలని ఆదేశించింది. మే 18 నుంచి ఆ ఆదేశం లేదు. జూన్ 12న ఫైకస్ పాక్స్ కేసులో సుప్రీంకోర్టు, ఓనర్లపై బలవంతపు చర్యలు వద్దంటూనే, ఆ 50 రోజుల జీతంపై కార్మికులతో మాట్లాడి సర్దుబాటు చేసుకోమంది. ఇప్పుడు మా షెడ్డు రిటర్ను చూడండి: జీతం ఇవ్వమన్న నెలలో పద్నాలుగు మందికి సున్నా రోజులు, పైగా సెలవు. ఎవరూ అడగని ఒప్పుకోలును మేమే రాసి పంపాం. అప్పుడు మాట్లాడుకుని, ఎంతో కొంత జీతానికి ఒప్పందం రాసుకుని, ఆ రోజులకు కాంట్రిబ్యూషన్ కట్టుంటే ఇటు ఓనరుకు కేసు టెన్షన్ ఉండేది కాదు, అటు అక్టోబరు తర్వాత పని పోయేవాళ్లకు 78 రోజుల లెక్కా దెబ్బతినేది కాదు.

తప్పుగా వెళ్లిన ఎంట్రీని మన ఇష్టమొచ్చినట్టు మార్చలేం. ఓనరు లెటర్‌హెడ్ మీద ఏ నెలలో ఏ తప్పు జరిగిందో రాసి, హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు కాపీలు, తీసేసినట్టు ఇచ్చిన లేఖ జతచేసి బ్రాంచ్ మేనేజరుకు ఇవ్వాలి. మా ఓనరు రెండు వారాలు తిప్పించుకుని చివరికి సంతకం పెట్టారు. ఆరుగురిలో నలుగురికి డబ్బు పడింది. మిగతా ఇద్దరూ మ్యాన్‌పవర్ కాంట్రాక్టరు తెచ్చినవాళ్లు, అప్పటికే ఒడిశా వెళ్లిపోయారు. ఫోన్లో దొరికించుకుని లాగిన్ చేయమంటే ఓటీపీ రావడం లేదన్నారు. ఐపీ రిజిస్ట్రేషన్ రోజున కాంట్రాక్టరు ఇద్దరికీ తన మొబైల్ నంబరే ఇచ్చాడు. మీ ఐపీ నంబరుకు ఎవరి ఫోన్ లింకై ఉందో ఈ రోజే చూసుకోండి.