ఖాళీ భూమిపై దీర్ఘకాల పెట్టుబడి – 3వ పాఠం: ఎదురుచూపుకు వెల కట్టడం

గత పాఠంలో ఈసీ (భూమిపై జరిగిన క్రయవిక్రయాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లింకు దస్తావేజులు (భూమి చేతులు మారిన పాత పత్రాలు), పహాణీ (సాగు, హక్కు వివరాలుండే రెవెన్యూ రికార్డు), నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ కుదరని భూముల పట్టిక) పరిశీలించడం నేర్చుకున్నాం. కాగితాలు సక్రమంగా ఉన్న భూమి కూడా లాభం తెస్తుందో లేదో వేరే లెక్క చెబుతుంది.

"నలభై లక్షలకు కొన్న ఎకరం పదేళ్లలో ఎనభై అయింది" అనే మాట మన ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. ఆ మాటను కాగితం మీద పెట్టి చూద్దాం. ఎకరం వెల 40 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం చొప్పున 3 లక్షలు, కడీలు పాతి తీగ కట్టించడానికి 2 లక్షలు అనుకుంటే మన చేతి నుంచి పోయింది 45 లక్షలు. అదే మొత్తాన్ని ఏడు శాతం చక్రవడ్డీకి బ్యాంకులో ఉంచితే, పన్నుల మాట పక్కన పెట్టినా, పదేళ్లకు సుమారు 88.5 లక్షలవుతుంది. అంటే రెట్టింపు ధర పలికిన భూమి నిజానికి ఎనిమిదిన్నర లక్షలు వెనకబడింది. ఏటా 15 వేలకు కౌలుకిచ్చినా చేతికొచ్చేది పదేళ్లలో లక్షన్నరే. ఇంటికి అద్దె వస్తుంది, పొలానికి పంట వస్తుంది. ఖాళీ భూమికి మాత్రం ధర పెరుగుదల తప్ప చెప్పుకోదగ్గ మరో ఆదాయం లేదు కనుక ఈ లెక్క తప్పించుకోలేనిది.

ఎన్నేళ్లు ఆగాలన్నది మన చేతిలో ఉండదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. హైదరాబాదుకు అంత చేరువలో ఉన్నా, ఆంక్షలు లేని శివార్లలా అక్కడ కాలనీలు విస్తరించలేకపోయాయి. రోడ్డు దగ్గరుందని మురిసేముందు ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో (నివాసం, వ్యవసాయం వంటి ఏ వాడకానికి కేటాయించిన ప్రాంతంలో) పడిందో, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) పరిధిలోకి వస్తుందో లేదో చూడాలని అందుకే పదేపదే చెబుతున్నాను. పిల్ల పెళ్లికో చదువుకో దాచిన డబ్బును ఇందులో పెట్టడం నాకు సమ్మతం కాదు; అవసరం తేదీ ముందే తెలుస్తుంది, కొనేవాడు వచ్చే తేదీ తెలియదు.

అభ్యాసం: 20 గుంటల (అర ఎకరం) వెల 24 లక్షలు, రిజిస్ట్రేషన్, కంచె కలిపి మరో 3 లక్షలు. పన్నెండేళ్ల తర్వాత ఏడు శాతం చక్రవడ్డీతో సమానం కావాలంటే గుంట ఎంతకు అమ్మాలి? జవాబుతో వచ్చే పాఠం మొదలుపెట్టి, బాట హక్కు లేని భూమి సంగతి చూద్దాం.