ఇంటి కంప్యూటర్‌ను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లలోకి బ్యాకప్ చేయడం ఎలా?

డ్రైవ్‌లు రెండు కావాలి. ఒక్కటే ఉండి, అది కంప్యూటర్‌కు తగిలించి ఉన్నప్పుడు ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) చొరబడితే కంప్యూటర్‌లోవీ, డ్రైవ్‌లోవీ ఫైళ్లన్నీ ఒకేసారి లాక్ అయిపోతాయి. అందుకే ఒకటైనా ఎప్పుడూ ఊడదీసి, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి. కంప్యూటర్‌లో నిండిన చోటుకు కనీసం రెట్టింపు సైజువి తీసుకోండి. ఈ పనికి వేగంగా పనిచేసే ఖరీదైన ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు, మామూలు హార్డ్ డిస్క్ చాలు.

డ్రైవ్‌ను ముందు ఫార్మాట్ చేయండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీదేనని చూసుకోండి. అప్పుడు ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఏది కావాలని అడుగుతుంది; విండోస్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకోండి. ఎఫ్‌ఏటీ 32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పెళ్లి వీడియో దగ్గరే ఆగిపోతారు.

మ్యాక్ వాళ్ల పని తేలిక. సెట్టింగ్స్‌లో టైమ్ మెషీన్ (మ్యాక్‌తోనే వచ్చే బ్యాకప్ సాధనం) తెరిచి రెండు డ్రైవ్‌లనూ చేర్చండి. ఏది తగిలిస్తే దాంట్లోకి రాసుకుంటుంది. గత 24 గంటలకు గంటకొకటి, గత నెలకు రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి చొప్పున కాపీలు ఉంచుతుంది.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లి ఫైల్ హిస్టరీ (విండోస్‌తోనే వచ్చే బ్యాకప్ సాధనం) ఆన్ చేయండి. డ్రైవ్ తగిలించి ఉన్నంతసేపూ గంటకోసారి మార్పులు దాస్తుంది. అయితే డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ లాంటి ఫోల్డర్లే దాని లెక్కలోకి వస్తాయి. డి డ్రైవ్‌లో విడిగా పెట్టుకున్న ఫోల్డర్‌ను లైబ్రరీలోకి (విండోస్ ఫోల్డర్లను ఒకచోట చూపే జాబితాలోకి) చేర్చకపోతే దాని జోలికి పోదు. చాలామంది ఫొటోలు పోగొట్టుకునేది ఇక్కడే అని నా అనుమానం. పైగా ఫైల్ హిస్టరీ ఒకసారికి ఒక్క డ్రైవ్‌నే వాడుతుంది. కాబట్టి రెండో డ్రైవ్‌లోకి నెలకోసారి, తేదీ పేరుగా పెట్టిన కొత్త ఫోల్డర్ చేసి, చేత్తోనే కాపీ చేయండి. మోటు పద్ధతే, కానీ నమ్మకమైనది. రెండు చోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచే సింక్ సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టకండి: ఇక్కడ పొరపాటున డిలీట్ చేసింది, అక్కడా డిలీట్ అయ్యే ప్రమాదం ఉంది.

పని అయ్యాక డ్రైవ్‌ను ఎజెక్ట్ చేశాకే కేబుల్ లాగండి.

ఇక తప్పించుకోకూడని పని ఒకటుంది. రెండు మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక పాత ఫొటో, ఒక పెద్ద వీడియో, ఒక డాక్యుమెంట్ వేరే ఫోల్డర్‌లోకి వెనక్కి తెచ్చి తెరవండి. వీడియోను మధ్యలోకి, చివరికి జరిపి చూడండి. తెరుచుకోకపోయినా, డ్రైవ్ నుంచి టకటకమని శబ్దం వచ్చినా ఇంకో డ్రైవ్ తెచ్చి ఆ రోజే మొత్తం మళ్లీ బ్యాకప్ చేయండి.