పట్టా భూమిలోని అడవిని నిలబెట్టుకోవడం ఎలా

శేషాచలం, పాలకొండల చేరువలోని మెట్ట గ్రామాల్లో, పాసుపుస్తకంలో ఎకరాలుగా కనిపిస్తూనే నాగలికి లొంగని రాతి నేలలు ఎందరో రైతులకు ఉన్నాయి. అటువంటి నేలలో చెట్లు పెంచాలనుకున్నవారు ముందుగా యంత్రాన్ని పిలిపించి కంపంతా పీకించి, ఆ తరువాత నర్సరీ మొక్కలు తెచ్చి నాటుతుంటారు. నా దృష్టిలో ఇది అడవిని చేజేతులా పోగొట్టుకునే పద్ధతి. నరుకుడుకూ మేతకూ గురై మోకాలెత్తు దాటకుండా ఉండిపోయిన పొదను దగ్గరగా చూస్తే, అది మోదుగో, చిరుమానో, బిల్లుడో అయి ఉంటుంది. పైన కనిపించే రెమ్మ నిరుటిదే కావచ్చు గాని, కింద వేరు ఎన్నో ఏళ్ల నాటిది. నర్సరీ మొక్కకు మొదటి వేసవి దాటడమే గండం కాగా, రాతి పగుళ్లలోకి ఎప్పుడో దిగిన ఈ వేరుకు మనం నీళ్లు పోయవలసిన పని లేదు.

కాబట్టి తొలి ఏడాది చేయవలసింది లెక్క మాత్రమే. రిజర్వు అడవి పక్కనే ఉన్న భూమి అయితే సర్వేయరుచేత హద్దులు కొలిపించి రాళ్లు పాతించాలి. వానలు వెనుకపట్టి ఆకు ఇంకా నిండుగా ఉన్న రోజుల్లో నేలంతా నడిచి, ఏయే చెట్లున్నాయో, ఎక్కడ మోళ్లు చిగురిస్తున్నాయో రాసుకోవాలి. కొన్ని చెట్లకు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర, రంగుతో గీత పెట్టి, ప్రతి ఏటా అదే నెలలో ఆ గీత మీదనే చుట్టుకొలత తీయాలి. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. ఏడాదికి ఎంత పెరుగుతున్నదో తెలియనిదే ఎంత నరకవచ్చో చెప్పలేము.

మోడును చెట్టుగా మార్చడం చూపుతో చేసే పని. ఒక్కొక్క మోడు నుంచి పది పన్నెండు పిలకలు లేస్తాయి, వాటన్నిటినీ ఉంచితే అన్నీ పుల్లలుగానే మిగిలిపోతాయి. నేలకు దగ్గరగా పుట్టి నిటారుగా సాగినవాటిలో బలమైన ఒకటి రెండింటిని ఉంచి, తక్కినవాటిని పదునైన కత్తితో మొదలంటా కోయాలి. మోడు పైభాగాన పుట్టిన పిలక ఎంత ఏపుగా కనిపించినా ఉంచకూడదు, ఎందుకంటే మోడు కుళ్లిన కొద్దీ దాని పట్టు సడలి, గాలికి విరిగిపోతుంది. కొత్తగా చెట్టు నరికేటప్పుడు కూడా జానెడు ఎత్తుకు మించకుండా, బెరడు చీలకుండా, నీరు నిలవకుండా ఏటవాలుగా కోత పెట్టాలి. మొదట్లో నేను నడుము వంచడానికి బద్ధకించి మోకాలెత్తున కోయించాను. ఆ మోళ్ల మీది పిలకలు సగానికి సగం ఈదురుగాలులకు ఒరిగిపోయాయి.

పీకవలసినది ఏదైనా ఉంటే అది లాంటానా అనే కలుపు పొద. దానిని పైపైన నరికితే రెట్టింపు గుబురుగా లేస్తుంది, తగలబెట్టినా అంతే. నేల తడిగా ఉన్నప్పుడు మొదలు చుట్టూ మట్టి తోడి, కాండమూ వేరూ కలిసే చోటుకు మూడు నాలుగు చేతివేళ్ల వెడల్పు కింద తల్లివేరును తెగగొట్టి, మొక్కను తలకిందులుగా నిలబెట్టి ఎండనివ్వాలి. చిగురించే శక్తి అంతా ఆ కలయిక దగ్గరే ఉంటుంది కనుక అది మట్టికి తగలకూడదు. పిట్టలు పండ్లు తిని పెద్ద చెట్ల కింద గింజలు రాలుస్తాయి కాబట్టి, మరో రెండు వానాకాలాలు ఆ చెట్ల మొదళ్ల వద్ద మొలకలు ఏరివేయక తప్పదు.

ఫిబ్రవరి నుంచి మే వరకు నిప్పు భయం. జనవరి చివరికల్లా హద్దు వెంబడి నాలుగు మీటర్ల వెడల్పున ఎండుగడ్డీ ఆకులూ ఊడ్చి అగ్గిబాట తీయాలి. లోపలి బోదగడ్డిని కోసుకుపొమ్మని పశువులున్న ఇరుగుపొరుగుకు చెబితే నిప్పుకు మేతా తగ్గుతుంది, ఊళ్లో పేచీ కూడా ఉండదు. మేకలను మాత్రం, అవి వెనక కాళ్ల మీద నిలబడినా చిగురు అందనంత ఎత్తుకు పిలకలు ఎదిగేదాకా రానివ్వకూడదు. అయితే నేలంతా ఒకేసారి మూసివేస్తే కంచె నిలవదు కాబట్టి, మూడో వంతు చొప్పున మూయడం మేలు.

వంటచెరకు కోసం భూమిని పది కూపులుగా, అంటే వంతులవారీగా నరికే ముక్కలుగా, విభజించి ఏటికి ఒకటి నరికితే, మళ్లీ మొదటి కూపుకు వచ్చేసరికి పదేళ్ల పెరుగుదల చేతికి వస్తుంది. ప్రతి కూపులోనూ విత్తనానికి మంచి చెట్లను, గుడ్లగూబలకూ చిలుకలకూ ఒకటి రెండు తొర్ర చెట్లను వదలాలి.

స్వంత భూమి కదా అని గొడ్డలి ఎత్తడం మాత్రం ప్రమాదం. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పట్టా భూమిలోని చెట్ల నరికివేతకూ వర్తిస్తుంది, కలప రవాణాకు పర్మిట్ విడిగా కావాలి. ఎర్రచందనం విషయంలో నిఘా మరీ ఎక్కువ. ఆ చెట్టు 1995 నుంచి, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నందున ఎగుమతికీ ఆంక్షలున్నాయి, పైగా చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. మీ నేలలో అది సహజంగా మొలిచి ఉంటే, చెట్ల సంఖ్యనూ చుట్టుకొలతలనూ రాసి అటవీ శాఖ రేంజి కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్న నకలును పాసుపుస్తకంతో పాటు భద్రపరచుకోవాలి. ఎవరైనా దొంగతనంగా నరికిన రోజున ముందుగా అడిగేది ఆ కాగితమే.