నల్ల ల్యాబ్‌లకు పసుపు పిల్లలు పుడితే

సమస్య: తల్లీ తండ్రీ రెండూ నిగనిగలాడే నల్ల లాబ్రడార్ (ల్యాబ్) కుక్కలు. ఎనిమిది పిల్లలు పుడితే అందులో రెండు లేత పసుపు. వెంటనే ఇంట్లో అందరి చూపూ ఆడకుక్క మీదే: ఏ వీధికుక్కతో కలిసిందో అని.

కారణం: పాపం, దాని తప్పేం లేదు. ల్యాబ్ రంగును ముఖ్యంగా రెండు జన్యువులు నిర్ణయిస్తాయి. ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ప్రతి రెండు రూపాల్లో ఏదో ఒకటి కావచ్చు: ఇంగ్లిష్ పెద్దక్షరంతో రాసేది (B, E), చిన్నక్షరంతో రాసేది (b, e). మొదటిది ‘బి’. పెద్ద బి ఒక్కటున్నా నలుపే, అది బహిర్గతం, అంటే జతలో దానిదే పైచేయి. రెండూ చిన్న బి అయితే చాక్లెట్. రెండోది ‘ఇ’. రెండూ చిన్న ఇ అయితే నలుపైనా చాక్లెటైనా వెంట్రుకలోకి ఎక్కదు, ఒళ్లంతా పసుపే. మీ నల్ల జంటలో చెరొక చిన్న ఇ దాగి ఉంది. ఒక్కో పిల్లకూ పసుపు అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక ఈతలో ఒక్కటీ రాకపోవచ్చు, ఇంకో ఈతలో నాలుగు రావచ్చు.

ఏం చేయాలి: చెంప లోపల దూదిపుల్లతో తుడిచి డీఎన్‌ఏ పరీక్షకు పంపితే చిన్న ఇ ఉందో లేదో తేలిపోతుంది. పాత పద్ధతిలో పసుపు కుక్కతో క్రాసింగ్ చేయించి చూసేవారు. ఒక్క పసుపు పిల్ల పుట్టినా చిన్న ఇ ఉన్నట్టే. అయిదు పిల్లలు పుట్టి అయిదూ నల్లవే అయినా, ఉండి కూడా బయటపడకపోయే అవకాశం 32లో ఒకటి మిగులుతుంది. రంగు తెలుసుకోవడం కోసం ఆడకుక్కను ఈత కష్టంలో పడేయడం నాకు ససేమిరా నచ్చదు.

సమస్య: పసుపు, చాక్లెట్ జంటకు అన్నీ నల్ల పిల్లలే.

కారణం: పసుపు కుక్క పెద్ద బి ఇచ్చింది, చాక్లెట్ కుక్క పెద్ద ఇ ఇచ్చింది. రెండూ కలిస్తే నలుపు.

ఏం చేయాలి: పసుపు కుక్క ముక్కు చూడండి. నల్లగా ఉంటే లోపల పెద్ద బి ఉన్నట్టు, కాఫీ రంగులో ఉంటే రెండూ చిన్న బి. చలికాలంలో కొన్నిటికి ముక్కు వెలిసిపోతుంది కాబట్టి కనురెప్పల అంచులూ పెదాలూ కూడా చూడాలి. అప్పుడే పుట్టిన పసుపు పిల్ల ముక్కు గులాబీ రంగులోనే ఉంటుంది. కొన్ని వారాలు ఆగండి.

సమస్య: పసుపు జంటకు నల్ల పిల్ల.

కారణం: ఇక్కడ మాత్రం లెక్క కుదరదు. ఇద్దరి దగ్గరా చిన్న ఇ తప్ప వేరేది లేదు. ఇంకో మగకుక్క కలిసిందనే అనుకోవాలి. ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం కుక్కల్లో ఉన్నదే.

ఏం చేయాలి: పిల్లలకు పితృత్వ పరీక్ష చేయించండి. ఎద రెండు మూడు వారాలు ఉంటుంది. క్రాసింగ్ అయిపోయిందని గేటు తీసి పెట్టకండి.